చేదు కొనుక్కోండి, పరిమళం పండించుకోండి: పెరట్లో హాప్స్, ఇంట్లో బీరు

అమెరికా వాయవ్య మూలన, వాషింగ్టన్, ఒరెగాన్ రాష్ట్రాల్లో, కాస్త పెరడున్న ఇంట్లో ఉంటున్న తెలుగువారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. బెల్వ్యూలోనో హిల్స్‌బరోలోనో బీరపాదు పెట్టి, వేడి చాలక, సెప్టెంబరు దాకా కాచుకుని రెండు కాయలతో సరిపెట్టుకున్నవారు చాలామందే ఉంటారు. అదే నేలలో, అదే ఎండకు, ఎవరిచేతా బతిమాలించుకోకుండా ఇరవై అడుగులు పాకే తీగ ఒకటుంది. బీరుకు చేదునూ పరిమళాన్నీ ఇచ్చే హాప్స్ అది.

ఆ తీగ పెంచడం, దాని పూలతో ఇంట్లోనే బీరు తయారుచేసుకోవడం ఎలాగో చెబుతాను. ముందే ఒక మాట. పెరట్లో పండిన హాప్స్‌తో బీరుకు చేదు పట్టించాలని చూడకండి. చేదుకు లెక్క కావాలి. కొట్లో అమ్మే పొట్లం మీద ఆ లెక్క అచ్చువేసి ఉంటుంది, మీ తీగ మీద ఉండదు. అందుకని చేదు కొనుక్కోండి, పరిమళం పండించుకోండి. ఏ రకం నాటాలి, ఏ నిమిషంలో గిన్నెలో వేయాలి అన్నవన్నీ ఈ ఒక్క నిర్ణయం మీదే ఆధారపడతాయి.

ముందు చట్టం సంగతి

1978 అక్టోబరు 14న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో అమెరికాలో సొంత వాడకానికి ఇంట్లో బీరు తయారుచేసుకునే వీలు కలిగింది. ఇంట్లో వయోజనులు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకు మించి ఉంటే 200 గ్యాలన్లు హద్దు. ఇద్దరున్న ఇంట్లో నెలకు మూడుసార్లు ఐదేసి గ్యాలన్లు చేసినా హద్దు దాటదు, అంత ఓపిక ఎవరికీ ఉండదు కూడా. అమ్మడం మాత్రం కుదరదు. రాష్ట్రాల నిబంధనల్లో తేడాలుంటాయి కాబట్టి మీ రాష్ట్రానివి చూసుకోండి. బట్టీ పెట్టి మద్యం దించడం పూర్తిగా వేరే సంగతి. అది ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, దాని జోలికి వెళ్ళకండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా బీరు తయారుచేయడం ఎక్సైజ్ చట్టం కింద నేరమే. అందుకని ఈ పద్ధతిని ఊళ్ళో ఉన్న తమ్ముడికి పంపి చేసి చూడమనకండి.

ఏ తీగ, ఎక్కడ

2021 వేసవిలో బిహార్‌లో ఒక రైతు కిలో లక్ష రూపాయలు పలికే కూరగాయ పండిస్తున్నాడంటూ హాప్స్ చివుళ్ళ ఫొటోలు మన వాట్సాప్ గ్రూపులన్నింటా తిరిగాయి. విలేకరులు వెళ్ళి చూస్తే అక్కడ ఆ పంటే లేదు. ఉండే అవకాశమూ తక్కువే. హాప్స్ సుమారు 35 నుంచి 55 డిగ్రీల అక్షాంశాల మధ్య హాయిగా పెరిగే మొక్క. వేసవిలో పొడుగాటి పగలు, శీతాకాలంలో గట్టి చలి, ఈ రెండూ దానికి కావాలి. సియాటెల్‌లో జూన్ నెల పగలు దాదాపు 16 గంటలు, హైదరాబాద్‌లో 13 గంటలు దాటి కొద్దిగా. భారతదేశంలో ఈ పంట నిలదొక్కుకున్నది హిమాచల్‌లోని లాహౌల్ లోయ వంటి చల్లని చోట్లే. డాలస్‌లో ఉన్నవారు సరదాకు ఒక తొట్టెలో పెంచుకోవచ్చు గానీ దిగుబడి మీద ఆశ పెట్టుకోవద్దు.

సియాటెల్ నుంచి కొండలు దాటి రెండున్నర గంటలు కారులో వెళితే యాకిమా లోయ వస్తుంది. అమెరికా హాప్స్‌లో సింహభాగం అక్కడిదే. మీ పెరడు ఆ పంటకు పుట్టింటి పక్కనే ఉన్నట్టు లెక్క.

రకం విషయంలో ఎక్కువ ఆలోచించకండి, క్యాస్కేడ్ పెట్టండి. ఒరెగాన్‌లోని కోర్వాలిస్‌లో అమెరికా వ్యవసాయ శాఖ వారి కృషితో రూపొంది 1972లో విడుదలైన రకం ఇది. తెగుళ్ళను ఓ మాదిరిగా తట్టుకుంటుంది, విరివిగా పూస్తుంది, పంపరపనస తొక్క గిల్లితే వచ్చే వాసన దీనిది. రెండో తీగకు చోటుంటే సెంటెన్నియల్, లేదా విలమెట్. సిట్రా, మొజాయిక్ కావాలని చాలామంది అడుగుతారు. అవి కంపెనీల హక్కుల్లో ఉన్న రకాలు, నర్సరీల్లో దొరకవు. వాటి పొట్లాలు కొనుక్కోవలసిందే.

హాప్స్‌లో మగ మొక్కలు వేరు, ఆడ మొక్కలు వేరు. బీరుకు పనికొచ్చేవి ఆడ తీగ పూలే. నర్సరీలో అమ్మేవి ఆడ మొక్కలే కాబట్టి ఆ బెంగ లేదు. మరో రాష్ట్రం నుంచి తెప్పించుకునే ముందు మాత్రం ఆగండి. తెగుళ్ళు తోటలకు పాకకుండా వాషింగ్టన్, ఒరెగాన్, ఐడహో రాష్ట్రాల్లో బయటి నుంచి హాప్స్ మొక్కలు తేవడంపై నిబంధనలున్నాయి. స్థానిక నర్సరీలో, తెగులు లేదని ధ్రువీకరించిన మొక్కను కొనడమే మేలు.

ఇంట్లో కుక్క ఉందా? అయితే ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవండి: హాప్స్ పువ్వులు, ముఖ్యంగా కాచి వడకట్టిన పిప్పి, కుక్కలకు విషం. ఒంటి వేడి ప్రమాదకరంగా పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. పిప్పిని కంపోస్టు గుంతలో కూడా తెరిచి ఉంచకండి.

పాదు పెట్టడం

మార్చి చివర నుంచి మే మొదటి వారాల దాకా నాటవచ్చు. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు ఎండ పడే చోటు, గోడ పక్కనైనా సరే, చూసుకోండి. నేల నీరు నిలిచేదైతే మట్టి పోసి కాస్త గుట్టలా ఎత్తు చేయండి. అడుగు లోతు గొయ్యి తవ్వి, బాగా మాగిన కంపోస్టు కలిపి, దుంప ముక్కను పైన రెండంగుళాల మట్టి పడేలా అడ్డంగా పెట్టండి, మొలకలు పైకి చూడాలి. ఒకే రకం అయితే పాదుకూ పాదుకూ మూడడుగులు, వేర్వేరు రకాలైతే కనీసం ఐదారు అడుగులు ఎడం ఉంచండి. వేళ్ళు పక్కలకు పాకి, రెండేళ్ళ తర్వాత ఏది క్యాస్కేడో ఏది విలమెట్టో తెలియకుండా కలిసిపోతాయి.

తీగకు ఆధారం గురించి నాటే రోజే ఆలోచించండి. యాకిమా తోటల్లో 18 అడుగుల స్తంభాలు పాతుతారు. మీ కాలనీ ఇంటి యజమానుల సంఘం అలాంటి స్తంభాన్ని చూసి ఊరుకోదు. మేడ మీది కిటికీ చూరు నుంచో, డెక్ పైకొస నుంచో తాడు దించడం సులువు. తాడు పైకొసన చిన్న గిలక కట్టండి. కోత రోజు తాడు వదిలితే తీగ మొత్తం కిందికి దిగుతుంది, నిచ్చెన ఎక్కే పని తప్పుతుంది. తాడు కొబ్బరి పీచుది అయితే మంచిది. నైలాన్ తాడు నున్నగా ఉండి తీగకు పట్టు దొరకదు.

ఈ తీగకు బీరపాదుకు ఉన్నట్టు నులితీగలు ఉండవు. కాండం మీద గరుకైన నూగు ఉంటుంది, దానితోనే పట్టుకుని తాడు చుట్టూ తిరుగుతూ ఎక్కుతుంది. పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కుకే చుట్టుకుంటుంది. పిలకలు అడుగున్నర పెరిగాక రెండు మూడింటిని తాడుకు ఆ దిక్కున చుట్టి వదలండి. ఎదురు దిక్కున చుడితే మర్నాటికి విప్పుకుని కింద పడి ఉంటాయి. ఆ నూగు చేతులకు గీసుకుని మంట పెడుతుంది కాబట్టి పొడుగు చేతుల చొక్కా వేసుకోండి.

మొదటి ఏడాది తీగను దాని మానాన వదిలేయండి. ఆ ఏడు అది వేరు పెంచుకుంటుంది. గుప్పెడు పూలొస్తే సంతోషించండి, రాకపోతే కంగారు పడకండి. పూర్తి కాపు మూడో ఏటికి వస్తుంది. రెండో ఏటి నుంచి మాత్రం కత్తెర పట్టాలి. మార్చి, ఏప్రిల్‌లలో దూసుకొచ్చే మొదటి పిలకలు లావుగా, లోపల డొల్లగా ఉంటాయి. వాటిని నేలమట్టానికి కోసేసి, తర్వాత వచ్చేవాటిలో తాడుకు రెండు మూడు చొప్పున ఉంచి మిగతావి తీసేయండి. కోసిన లేత చివుళ్ళను పారేయనక్కర్లేదు, తోటకూర కాడల్లాగే పప్పులో వేయవచ్చు. లక్ష రూపాయల పప్పు అని చెప్పుకోవచ్చు కూడా.

జులై, ఆగస్టుల్లో సియాటెల్ వైపు వానలు బాగా తక్కువ, తీగ తాగే కాలమూ అదే. పాదు తడి ఆరకుండా చూడండి. ఆకుల మీద కాకుండా మొదట్లో నీళ్ళు పోయండి. నత్రజని ఎరువు జూన్ దాకా రెండు మూడు దఫాలుగా వేసి, పూత మొదలయ్యాక ఆపేయండి. తీగ ఎత్తు పెరిగాక కింది మూడడుగుల ఆకులను తుంచేస్తే గాలి ఆడి బూజు తెగులు, బూడిద తెగులు తగ్గుతాయి. పేనుబంక కనబడితే నీటి ధారతో గట్టిగా కొట్టండి. ఎర్రనల్లి ఆకు అడుగున చేరుతుంది, దానికి దుమ్ము, పొడి గాలి ఇష్టం.

కోత

ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా ఎప్పుడైనా కోతకు రావచ్చు. తేదీని నమ్ముకోకండి, పువ్వును చూడండి. పచ్చి పువ్వు వేళ్ళ మధ్య నొక్కితే మెత్తగా, తడిగా ఉండి నొక్కినట్టే ఉండిపోతుంది. పండిన పువ్వు తేలికై, నొక్కి వదిలితే తిరిగి ఉబ్బుతుంది, కాగితం నలిపిన చప్పుడు చేస్తుంది. ఒకదాన్ని నిలువుగా చీల్చండి. మధ్య ఈనె చుట్టూ, రేకుల మొదళ్ళలో పసుపుపచ్చటి జిగురు పొడి కనిపించాలి. దాని పేరు లుపులిన్. చేదూ పరిమళమూ ఉన్నది ఆ పొడిలోనే, రేకుల్లో కాదు. లేత పసుపు అయితే ఇంకో వారం ఆగండి, చిక్కటి పసుపు అయితే కోసేయండి. అరచేతిలో రుద్ది వాసన చూడండి. పచ్చగడ్డి వాసన వస్తే తొందరపడ్డట్టు, ఉల్లి, వెల్లుల్లి వాసన వస్తే ఆలస్యం చేసినట్టు. ఈ రెంటికీ నడుమ నిమ్మ, పంపరపనస తొక్కల వాసన ఘాటుగా తగిలే రోజులు కొద్దిగానే ఉంటాయి. రేకుల అంచులు కాస్త గోధుమరంగుకు తిరిగినా పరవాలేదు.

గిలక తాడు వదిలి, తీగను దించి, నీడలో కుర్చీలు వేసుకుని పూలు తెంపండి. చేతికి అంటిన జిగురు సబ్బుకు పోదు, కొంచెం వంటనూనె రాసి కడిగితే పోతుంది. ముదురు తీగ ఒక్కొక్కటి ఎండు లెక్కన అర పౌను నుంచి రెండు పౌన్ల దాకా ఇస్తుంది. మనం చేయబోయే ఐదు గ్యాలన్లకు కావలసిన పరిమళం పూలు నాలుగు ఔన్సులు. ఒక్క తీగ మీకు చాలుతుందని ఇప్పుడు అర్థమై ఉంటుంది.

కోసిన రోజే ఆరబెట్టడం మొదలుపెట్టండి. పాత కిటికీ దోమతెరల మీద పలుచగా పరిచి, కింద నుంచి ఫ్యాను గాలి తగిలేలా పెడితే రెండు మూడు రోజుల్లో ఆరతాయి. ఎండలో మాత్రం పెట్టకండి, వెలుతురు, వేడి రెండూ పరిమళాన్ని ఎగరగొడతాయి. డీహైడ్రేటర్ వాడితే అతి తక్కువ వేడి మీద ఉంచండి. ఎట్టి పరిస్థితిలోనూ 140 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటకూడదు. రేకులు ముందే ఆరిపోయి మోసం చేస్తాయి, చూడవలసింది మధ్య ఈనెను. వంచితే వంగుతుంటే ఇంకా తడి ఉన్నట్టు, పుటుక్కున విరిగితే ఆరినట్టు. తూచి చూసుకోవడం ఇంకా నమ్మకం: ఐదు ఔన్సుల పచ్చి పూలు సుమారు ఒక ఔన్సుకు తగ్గుతాయి. ఔన్సు చొప్పున పొట్లాలు కట్టి, గాలి పూర్తిగా తీసి, రకం పేరు, ఏడాది రాసి ఫ్రీజర్‌లో పెట్టండి. అక్కడ ఏడాది నిక్షేపంగా ఉంటాయి.

శీతాకాలం మొదట్లో, మంచు పడి తీగ ఎండిపోయాక, అడుగు ఎత్తున కోసి పాదు మీద ఆకులూ కంపోస్టూ కప్పండి. వసంతంలో మళ్ళీ అదే లేస్తుంది.

సామాను, సరుకు

తీగ మూడేళ్ళకు కాపుకు వచ్చేదాకా బీరు మానుకోనక్కర్లేదు. కొన్న క్యాస్కేడ్ పొట్లాలతో చేయి తిప్పుకుంటూ ఉంటే, మీ పూలు చేతికొచ్చేనాటికి తేడా చెప్పగలుగుతారు.

ఐదు గ్యాలన్ల గిన్నె, మూత ఉన్న ఆరున్నర గ్యాలన్ల బకెట్ (దీన్నే ఫెర్మెంటర్ అంటారు), ఎయిర్‌లాక్ (లోపలి గ్యాసును వదిలి, బయటి గాలిని రానివ్వని చిన్న గొట్టం), అడుగున కుళాయి ఉన్న మరో బకెట్, సైఫన్ గొట్టం, హైడ్రోమీటర్ (ద్రవంలో చక్కెర ఎంత ఉందో సాంద్రతను బట్టి చెప్పే పరికరం), థర్మామీటర్, పలుచటి బట్ట సంచులు, మూతలు బిగించే పరికరం, 12 ఔన్సుల సీసాలు యాభై. సీసాలు గోధుమరంగువే కావాలి. ఆకుపచ్చ, తెల్ల సీసాల్లో వెలుతురు సోకితే హాప్స్ చేదు పదార్థాలు విరిగి దుర్వాసన పుడుతుంది. మూత తిప్పి తీసే సీసాలు పనికిరావు, ఓపెనర్‌తో తీసేవే కావాలి.

సరుకులు: లేత రంగు మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ పాకం 3.3 పౌన్ల డబ్బాలు రెండు. దంచిన క్రిస్టల్ 40 మాల్ట్ ఒక పౌను. చేదుకు మాగ్నం హాప్స్ గుళికలు ముప్పావు ఔన్సు. మీ క్యాస్కేడ్ పూలు నాలుగు ఔన్సులు. యూఎస్-05 ఈస్ట్ 11.5 గ్రాముల పొట్లం ఒకటి. సీసాల్లో వేయడానికి మొక్కజొన్న చక్కెర నాలుగు ఔన్సులు. మాల్ట్ అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీయే. రాగి మాల్ట్ తాగిన నోటికి కొత్త కాదు. గింజల నుంచి మొదలుపెట్టే పద్ధతీ ఉంది గానీ, మొదటి రెండు మూడుసార్లు ఎక్స్‌ట్రాక్ట్‌తో చేయడమే తెలివి. రుచిలో పోయేది తక్కువ, మిగిలే గంటలు ఎక్కువ.

నీళ్ళ గురించి ఒక్క మాట. కుళాయి నీళ్ళలోని క్లోరిన్ లేదా క్లోరమిన్ ఈస్ట్‌తో కలిసి బీరుకు ఆసుపత్రి పట్టీల వాసన తెస్తుంది. ఐదు గ్యాలన్ల నీళ్ళలో పావు క్యాంప్‌డెన్ మాత్ర పొడి చేసి కలిపితే ఆ బెడద పోతుంది.

కాచే రోజు

నాలుగు గంటలు కేటాయించుకోండి. చిమ్నీ ఫ్యాను వేసి కిటికీలు తెరవండి, మాల్ట్ వాసన ఇల్లంతా పట్టి రెండు రోజులు వదలదు.

గిన్నెలో రెండున్నర గ్యాలన్ల నీళ్ళు 155 డిగ్రీలకు వేడిచేసి, క్రిస్టల్ మాల్ట్‌ను బట్ట సంచిలో కట్టి అరగంట నానబెట్టండి. సంచి తీసేటప్పుడు పిండకండి, దానంతట అదే ఓడనివ్వండి. రాగి రంగు, కాస్త తీపి దీనితో వస్తాయి. నీళ్ళు మరిగాక పొయ్యి ఆర్పి, ఒక డబ్బా ఎక్స్‌ట్రాక్ట్ పోసి గరిటెతో అడుగు నుంచి కలపండి. పొయ్యి మండుతుండగా పోస్తే అడుగంటి మాడుతుంది, ఆ మాడు వాసన చివరి సీసా దాకా వెంట వస్తుంది. కలిశాక మళ్ళీ పొయ్యి వెలిగించండి. ఈ తీపి ద్రవాన్ని వోర్ట్ అంటారు. మొదటిసారి మరిగేటప్పుడు ఇది పాలు పొంగినట్టు ఒక్కసారిగా పొంగుతుంది. గిన్నె దగ్గర్నుంచి కదలకండి, ఫోను తీయకండి.

పొంగు అణిగాక మాగ్నం గుళికలు వేసి గడియారం చూసుకోండి. ఇక్కడి నుంచి 60 నిమిషాలు. హాప్స్‌లోని ఆల్ఫా ఆమ్లాలు గంటసేపు మరిగితేనే రూపం మారి నీటిలో కలిసి చేదు ఇస్తాయి. పరిమళ తైలాలది దీనికి పూర్తిగా ఎదురు స్వభావం, ఎంతసేపు మరిగితే అంతగా ఆవిరై పోతాయి. మాగ్నం పొట్లం మీద ఆల్ఫా 12 శాతమో 13 శాతమో రాసి ఉంటుంది, దాన్నిబట్టి చేదు ఎంత వస్తుందో లెక్క తేలుతుంది. మీ క్యాస్కేడ్‌లో అది నాలుగున్నర శాతం ఉండవచ్చు, ఏడు ఉండవచ్చు. ఆ ఏటి ఎండను బట్టి, కోసిన వారాన్ని బట్టి మారుతుంది. అందుకే దాన్ని చివరికి ఉంచుతున్నాం.

45వ నిమిషంలో పొయ్యి ఆర్పి, రెండో డబ్బా ఎక్స్‌ట్రాక్ట్ కలిపి మళ్ళీ వెలిగించండి. ఇది ఆలస్యంగా పోస్తే రంగు ముదరదు, చేదు కూడా బాగా దిగుతుంది. 50వ నిమిషంలో ఒక ఔన్సు క్యాస్కేడ్ సంచిలో వేయండి. 60వ నిమిషంలో పొయ్యి ఆర్పి ఇంకో ఔన్సు. మిగతా రెండు ఔన్సులు ఫ్రీజర్‌లోనే ఉండనివ్వండి, వాటి వంతు తర్వాత వస్తుంది.

పొయ్యి ఆర్పిన క్షణం నుంచి మీరు ముట్టుకునే ప్రతి వస్తువూ క్రిమిరహితంగా ఉండాలి. కడగడం వేరు, క్రిమిరహితం చేయడం వేరు, ముందు మొదటిది, తర్వాత రెండోది. ఐదు గ్యాలన్ల నీళ్ళలో స్టార్ శాన్ అనే క్రిమిసంహారక ద్రవం ఒక ఔన్సు కలిపి, బకెట్, మూత, ఎయిర్‌లాక్, గరిటె, ఈస్ట్ పొట్లం కోసే కత్తెర, అన్నీ రెండు నిమిషాలు తడపండి. మళ్ళీ నీళ్ళతో కడగకండి. అంటుకున్న నురగ వల్ల హాని లేదు, కడిగితేనే చేసిన పని వృథా.

సింకులో ఐస్ నింపి గిన్నెను అందులో దించి, వోర్ట్‌ను అరగంటలో చల్లబరచండి. బకెట్‌లోకి ఒంపి, మొత్తం ఐదు గ్యాలన్లు అయ్యేలా చల్లటి నీళ్ళు కలపండి. ఎత్తు నుంచి పోయండి, చిమ్మనివ్వండి. ఈస్ట్‌కు ఆ గాలి కావాలి. బీరులో గాలి కలవడం మంచిదయ్యేది ఈ ఒక్క ఘడియలోనే, తర్వాత అదే శత్రువు. హైడ్రోమీటర్ చూడండి. 1.050 దగ్గర ఉండాలి. రాసి పెట్టుకోండి. 68 డిగ్రీలకు దిగాక ఈస్ట్ చల్లి, మూత బిగించి, ఎయిర్‌లాక్‌లో నీళ్ళు పోసి పెట్టేయండి.

పులిసే రోజులు

చీకటి అల్మారాలోనో బేస్‌మెంట్‌లోనో 64 నుంచి 68 డిగ్రీల మధ్య ఉంచండి. పులియడంలో వేడి పుడుతుంది కాబట్టి బకెట్ లోపల గది కన్నా కొన్ని డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. వేసవిలో తడి తువాలు చుట్టండి. ఒక రోజులో పైన నురగ కట్టి బుడగలు మొదలవుతాయి. నాలుగైదు రోజులకు బుడగలు ఆగిపోగానే అయిపోయిందనుకోకండి, బుడగలు రాకపోతే పాడైందనీ అనుకోకండి. మూత సరిగా బిగియకపోయినా బుడగలు కనబడవు. ఇందులో హైడ్రోమీటర్ చెప్పిందే నమ్మాలి.

తొమ్మిదో పదో రోజున మిగిలిన రెండు ఔన్సుల క్యాస్కేడ్ పూలను, క్రిమిరహితం చేసిన సంచిలో ఒక బరువుతో సహా కట్టి బీరులోకి దించి, గబగబా మూత పెట్టండి. మరగబెట్టని ఈ పూల నుంచే మీ పెరటి వాసన బీరుకు అంటుతుంది. మూడు నుంచి ఐదు రోజులు చాలు, ఇంకా ఉంచితే గడ్డి రుచి దిగుతుంది. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. లండన్ నుంచి ఇండియాకు ఓడల్లో పంపిన పేల్ ఏల్ పీపాల్లోనూ హాప్స్ వేసేవారు. బీరును చెడగొట్టే బ్యాక్టీరియాను హాప్స్ అడ్డుకుంటుంది. ఇప్పటికీ ఇండియా పేల్ ఏల్ పేరులో మన దేశం ఉండటానికి ఆ ప్రయాణమే కారణం.

రెండు రోజుల ఎడంతో హైడ్రోమీటర్ చూడండి. రెండుసార్లూ ఒకే అంకె, 1.012 అటూ ఇటూగా ఉంటే పులియడం పూర్తయినట్టు. మొదటి అంకెలోంచి దీన్ని తీసేసి 131తో గుణిస్తే ఆల్కహాలు శాతం తెలుస్తుంది. ఇక్కడ సుమారు ఐదు.

సీసాల్లోకి

నాలుగు ఔన్సుల మొక్కజొన్న చక్కెరను రెండు కప్పుల నీళ్ళలో మరిగించి, చల్లార్చి, కుళాయి ఉన్న బకెట్ అడుగున పోయండి. బీరును సైఫన్‌తో దాని మీదికి మెల్లగా దించండి. గొట్టం చివర అడుగున ఆనాలి, చిమ్మకూడదు. నోటితో పీల్చి సైఫన్ మొదలుపెట్టవద్దు, నోట్లోని క్రిములు నేరుగా బీరులోకి పోతాయి. అడుగున పేరుకున్న మడ్డిని కదపకండి. క్రిమిరహితం చేసిన సీసాల్లో మెడ దగ్గర అంగుళం ఖాళీ వదిలి నింపి, మూతలు బిగించండి.

చక్కెర తూచే వేయండి, కళ్ళతో చూసి కాదు. ఎక్కువైనా, పులియడం పూర్తికాక ముందే నింపినా సీసాలు పేలతాయి. గాజు పెంకులు గది దాటి పోతాయి. అందుకని సీసాలను మూత ఉన్న అట్టపెట్టెలోనో ప్లాస్టిక్ డబ్బాలోనో పెట్టి, 70 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచండి. తర్వాత ఒకటి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు తెరిచి చూడండి. గ్యాసు చాలకపోతే మరో వారం. బాగుంటే అన్నింటినీ చల్లటి చోటికి మార్చండి. గ్లాసులో పోసేటప్పుడు చివరి అర అంగుళం సీసాలోనే వదిలేయండి, అక్కడ ఈస్ట్ మడ్డి ఉంటుంది. తాగితే ప్రమాదం లేదు, కడుపు ఉబ్బరిస్తుంది.

రుచి తేడా చేస్తే: పచ్చి ఆపిల్ వాసన వస్తే తొందరపడి సీసాల్లో నింపారని అర్థం, ఇంకో రెండు వారాలు ఆగితే తగ్గవచ్చు. తడి అట్టపెట్టె వాసన వస్తే నింపేటప్పుడు గాలి కలిసింది. పుల్లబడితే శుభ్రం చాలలేదు, అది పారబోయవలసిందే.

పచ్చి పూలతో

తీగ ముదిరి కాపు విరివిగా వచ్చిన ఏడాది, కోత రోజునే బీరు కూడా కాచి చూడండి. ఎండబెట్టని పూలతో చేసే ఈ బీరు దొరికేది ఏడాదికి ఒక్క రుతువులోనే. అక్టోబరు మొదట్లో యాకిమాలో దీనికోసమే ఒక పండుగ చేస్తారు. పద్ధతి అంతా పైదే. మాగ్నం మామూలుగానే వేయండి. ఎండు క్యాస్కేడ్ ఔన్సు వేసే చోట పచ్చివి ఐదారు ఔన్సులు వేయాలి, అంటే కాచేటప్పుడు వేసే ఆ రెండు ఔన్సులకు బదులు ముప్పావు పౌను దాకా అవుతుంది. అన్ని పూలు ఒక్క గిన్నెలో ఇమడవు కాబట్టి పెద్ద సంచి, పెద్ద గిన్నె సిద్ధం చేసుకోండి. పూలు వోర్ట్‌ను పీల్చుకుంటాయి, అర గ్యాలన్ అదనంగా లెక్క వేసుకోండి. చివరగా బకెట్‌లో వేసే పూలు మాత్రం ఎండువే వాడండి, పచ్చివి పులిసే బీరులో వేస్తే ఆకు రుచి మిగతా రుచులన్నింటినీ తొక్కేస్తుంది. పొద్దున తెంపిన పూలు మధ్యాహ్నానికి గిన్నెలో పడాలి. కుప్పపోసి సంచిలో ఉంచితే కొన్ని గంటల్లోనే వేడెక్కి కుళ్ళు వాసన పడతాయి. సీసాలు తయారయ్యాక నెల, నెలన్నరలో తాగేయండి. దాచుకుంటే ముందుగా పోయేది ఆ పరిమళమే.